పని లేనప్పుడు వెళ్లు

గోపాలపట్నం,
విశాఖపట్నం

అమ్మడూ,

ఫోన్‌లో అయితే మధ్యలో ఏడుస్తావని రాస్తున్నాను. రెండేళ్లు వరసగా ఆషాఢ చతుర్దశికి సింహాచలం కొండ కింద తొలి పావంచా, అదే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు గిరి ప్రదక్షిణ నడిచావు. ఉద్యోగం రాలేదు. ఇక సింహాద్రి అప్పన్న గుమ్మం తొక్కనంటున్నావు. కోపం రావడం తప్పని నేను అనను. పరాయివాళ్ల మీద మనం అలగం కదా.

నా సంగతి విను. ఒక అక్షయ తృతీయకి నిజరూప దర్శనానికి వెళ్లాను. ఏడాది పొడుగునా చందనంలో ఉండే స్వామి ఆ ఒక్కరోజే కదా అసలు రూపంతో కనిపించేది! ఎండలో 6 గంటలు క్యూలో నిలబడ్డాను. ఎదురుగా ఉండనిచ్చింది నాలుగు క్షణాలు. ఆ కాస్తలోనే మీ బావ సీటు, ఇంటి లోను, నా మోకాళ్లు అన్నీ గబగబా అప్పజెప్పేశాను. బయటికొచ్చాక పక్కింటావిడ "వరాహ ముఖం బాగా కనిపించిందా?" అంది. ఏం కనిపిస్తుంది? కళ్లు గట్టిగా మూసుకుని కోరికలు చదువుతున్నాను కదా. సిగ్గేసి "ఆ, బాగా" అని అబద్ధం చెప్పాను, అదీ కొండ మీదే.

అందుకే నీకు చెప్పే మొదటి మాట, పని లేనప్పుడు వెళ్లు. పరీక్షా, ఇంటర్వ్యూ ఏదీ లేని ఒక మామూలు మంగళవారం. కళ్లు తెరిచి చూడు. ఇవాళ ఏ పూలు వేశారో, దీపం ఎటు వెలుగుతోందో చూసి వచ్చేయ్. గుళ్లో కోరికలు తీరుస్తుందనే ఆ కప్పస్తంభాన్ని కౌగిలించుకున్నా ఏమీ అడక్కు. కష్టమే, నోరు ఊరుకోదు. మొదట్లో నాకూ పెదవి దాకా వచ్చేవి.

కొండ దూరమనుకుంటే బురుజుపేట అమ్మవారి గుడికి వెళ్లు. కనకమహాలక్ష్మికి నెత్తిన కప్పు లేదు, ఎండావానా అన్నీ ఆవిడ మీదే. మార్గశిర గురువారాలు మాత్రం వద్దు, ఆ రద్దీలో మనసు చెప్పుల మీదే ఉంటుంది. మీ మావయ్య జబ్బు పడ్డప్పుడు ప్రతి గురువారం ఆవిడకి మొక్కాను. ఆయన దక్కలేదు. ఏడాది అటు తొంగి చూడలేదు. తర్వాత ఒకరోజు పూర్ణా మార్కెట్‌లో కూరలు కొని, చేతిలో సంచితోనే లోపలికి వెళ్లి నిలబడ్డాను. అడగడానికి ఏమీ మిగల్లేదు. "బాగున్నావా తల్లీ" అన్నాను. అన్నేళ్లలో ఆ మాట ఒక్కసారీ అడగలేదని అప్పుడే తట్టింది.

అలాగని అడగడం పాపమని భయపడకు. గీతలో ఆపదలో వచ్చేవాణ్ణీ, కోరికతో వచ్చేవాణ్ణీ కూడా స్వామి మంచివాళ్లనే అన్నాడు. కష్టం వస్తే చెప్పుకో, తిట్టాలనిపిస్తే తిట్టు. బేరం మాత్రం వద్దు. "ఉద్యోగం వస్తే గుండు చేయించుకుంటా" లాంటివి. ఇవ్వాలనుంటే ఇప్పుడే ఇవ్వు, రాకముందే.

మన కొండ ప్రహ్లాదుడిది అంటారు కదా. భాగవతంలో నరసింహస్వామి వరం కోరుకోమంటే ఆ పిల్లవాడు, ఫలం ఆశించి కొలిచేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అన్నాడు. అసలు కోరికే మొలవకుండా చూడమన్నాడు. ఆ వెంటనే ఏం చేశాడో తెలుసా? తనను చంపించబోయిన తండ్రి పాపం పోవాలని అడిగాడు! ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి.

ఉద్యోగం వస్తుందో లేదో నేను చెప్పలేను. అప్లికేషన్లు పెట్టడం ఆపకు, అది వేరే పని.

ఈ మంగళవారం ఖాళీ చేసుకుని రా, ఇద్దరం కొండెక్కుదాం. మెట్ల మీద నా మోకాళ్ల గురించి మాత్రం గుర్తు చెయ్యకు, పైకెళ్లాక మళ్లీ అడిగేస్తాను. వచ్చేటప్పుడు పూర్ణా మార్కెట్‌లో పావుకిలో పసుపు కొమ్ములు పట్రా.

మీ అత్త