వీఎస్ కోడ్‌లో ముగింపు ట్యాగ్ అడ్డుపడుతోంది, ఆటో క్లోజ్‌ను ఆపేయాలా?

కోడ్ రాసే ఎడిటర్ అయిన వీఎస్ కోడ్‌లో, ముందే రాసి ఉన్న పాఠ్యానికి డివ్ (పేజీలో ఒక భాగాన్ని చుట్టి ఉంచే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) తొడగబోతే ముగింపు ట్యాగ్ అక్కడికక్కడే పడిపోతోందనీ, దాన్ని కత్తిరించి కిందికి తీసుకెళ్లడానికే సమయం పోతోందనీ, ట్యాగ్ పేరు మార్చినప్పుడు ఒక వైపే మారుతోందనీ మీరు రాశారు. మొదలు ట్యాగ్ రాయగానే ముగింపు ట్యాగ్‌ను తానే చేర్చే ఆటో క్లోజ్‌ను ఆపవద్దనే నా సలహా. ఆ సదుపాయం కొత్తగా రాసేటప్పటి కోసం ఉద్దేశించినది. ఉన్నదానికి ట్యాగ్ తొడగడానికి వేరే ఆదేశం ఉంది.

ఈ తేడా తెలియక నేను చాలాకాలం మీలాగే కత్తిరించి అతికిస్తూ గడిపాను. ఒకసారి అలా తరలించబోయి, పాత ముగింపు ట్యాగ్‌ను తీసేయడం మరిచిపోయాను. బ్రౌజర్ ఏ తప్పూ చూపలేదు గానీ, ఆ అదనపు ముగింపు బయటి డివ్‌ను ముందే మూసివేయడంతో కుడివైపు ఉండవలసిన నిలువు వరుస పేజీ అడుక్కి జారిపోయింది. తప్పు పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో ఉందనుకుని ఒక పూటంతా వెతికాక, హెచ్‌టీఎంఎల్ తప్పులను పట్టి చూపే డబ్ల్యూ3సీ వ్యాలిడేటర్‌లో పెట్టి చూస్తే జతలేని ముగింపు ట్యాగ్ ఏ వరుసలో ఉందో వెంటనే తెలిసింది.

ఇప్పుడు నేను చేసేది ఇది. ట్యాగ్ తొడగవలసిన భాగాన్ని సెలెక్ట్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కి, "ఎమ్మెట్: ర్యాప్ విత్ అబ్రివియేషన్" అనే ఆదేశాన్ని ఎంచుకుని, డివ్ అని టైపు చేసి ఎంటర్ నొక్కుతాను, మొదలూ ముగింపూ సరైన చోట్ల ఒకేసారి వచ్చేస్తాయి. పొట్టి రాతను పూర్తి ట్యాగ్‌లుగా మార్చే ఈ ఎమ్మెట్ వీఎస్ కోడ్‌లోనే ఉంటుంది కాబట్టి విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. దీని అసలు బలం జాబితాల దగ్గర కనిపిస్తుంది. వరుసకొకటిగా నలభై పుస్తకాల పేర్లు అతికించారనుకోండి. అన్నిటినీ సెలెక్ట్ చేసి, ఇదే ఆదేశంలో యూఎల్ (మొత్తం జాబితాకు ట్యాగ్), దాని పక్కన > గుర్తు, తర్వాత ఎల్ఐ (జాబితాలోని ఒక్కో అంశానికి ట్యాగ్), చివర * గుర్తు ఇస్తే, ప్రతి వరుసకూ విడివిడిగా ఎల్ఐ ట్యాగ్ చేరి, మొత్తం ఒక యూఎల్‌లో ఒదుగుతుంది. నక్షత్రం పక్కన అంకె వేయకూడదన్నది మాత్రం గుర్తుంచుకోండి. ఎన్ని వరుసలున్నాయో అదే లెక్కపెట్టుకుంటుంది. ఈ ఆదేశానికి ముందుగా కేటాయించిన షార్ట్‌కట్ ఏదీ లేదు కనుక, కంట్రోల్ కే, కంట్రోల్ ఎస్ వరుసగా నొక్కి, మీ చేతికి అనువైన మీటలను మీరే కేటాయించుకోండి. రోజూ వాడే పని కాబట్టి ఆ రెండు నిమిషాలు తప్పకుండా వెచ్చించండి.

ట్యాగ్ పేరు రెండు వైపులా మారడానికి సెట్టింగ్స్‌లో "లింక్డ్ ఎడిటింగ్" అని వెతికి టిక్ పెట్టండి. మొదట అది ఆపి ఉంటుంది.

ఆటో క్లోజ్ ఆపేస్తే మరొక సౌకర్యం కూడా పోతుంది. లోతుగా ఒకదానిలో ఒకటి ఉన్న ట్యాగ్‌ల మధ్య ఏది ఇంకా మూయలేదో తెలియనప్పుడు </ అని రెండు గుర్తులు టైపు చేస్తే చాలు, మూయవలసిన ట్యాగ్ పేరును ఎడిటరే పూర్తి చేస్తుంది. ఇక ముగింపు ట్యాగ్ ఒకేసారి రెండు పడుతున్నట్లయితే, ఇదే పని చేసే ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కు విడిగా చేర్చుకునే సాధనం) ఏదైనా గతంలో వేసుకున్నారేమో చూసి దాన్ని తీసేయండి. నా కంప్యూటర్‌లో ఆ ఇబ్బందికి కారణం అదే అయింది.