బుల్లోడికి పట్టింది పిచ్చి కాదు, భయం

సందేహం: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆరెకరాల్లో రొయ్యల సాగు చేస్తున్నాను. ఐదేళ్ల కిందట మా నాన్నగారు ఒక నాటు కుక్కపిల్లను తెచ్చి బుల్లోడు అని పేరు పెట్టి పెంచారు. ఆయన సంక్రాంతికి ముందు కాలం చేశారు. ఇంట్లో చూసేవాళ్లు లేక, కాపలాకి పనికొస్తాడు కదా అని బుల్లోడిని చెరువు దగ్గర మకాంలో గొలుసుతో కట్టి ఉంచుతున్నాం. మూడు నెలల నుంచి తిండి తగ్గిపోయింది. తోక కొరుక్కుని పుండు చేసుకున్నాడు. తెల్లవారుజామున నీటికాకులు వాలకుండా టపాసులు కాలుస్తాం. ఆ చప్పుడు మొదలైతే మధ్యాహ్నం దాకా మంచం కింద నుంచి రాడు. నేను పిలిస్తే మాత్రం తోక ఆడిస్తాడు, నీళ్లు బాగానే తాగుతాడు. మొన్న మా తొమ్మిదేళ్ల అబ్బాయి మంచం కింద చెయ్యి పెడితే కరవబోయాడు. పిచ్చి పట్టింది, ఎక్కడైనా వదిలేసి రమ్మని అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అబ్బాయి సంగతి చూడండి. ‘కరవబోయాడు’ అన్నారు. పన్ను తగిలిందో లేదో అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, కోప్పడకుండా మళ్లీ అడగండి. తిడతారని పిల్లలు చిన్న గాట్లు దాచేస్తారు. ఒంటి మీద సన్నటి గీత కనిపించినా సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఈ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి టీకా మొదలుపెట్టించండి. రెండు మూడు రోజులైపోయింది కదా అని ఆగొద్దు. గాటు మీద పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు.

ఇక పిచ్చి విషయం. రేబిస్ లక్షణాలు బయటపడిన కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. మూడు నెలలుగా డల్‌గా ఉంటూ, నీళ్లు తాగుతూ, మీరు పిలిస్తే తోక ఆడించే కుక్కది రేబిస్ అనుకోవడానికి నాకు కారణం కనిపించడం లేదు. అయితే టీకా ఎప్పుడు వేయించారో మీరు రాయలేదు. కాబట్టి పది రోజులు పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా గమనించండి. దవడ వేలాడటం, చొంగ కారడం, గొంతు మారిపోవడం, నడకలో తూలడం కనిపిస్తే మీరు ముట్టుకోకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పండి. ఏమీ లేకపోతే రేబిస్ టీకా వేయించి, ఏటా అదే నెలలో తిరిగి వేయిస్తూ ఉండండి. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే రోగాల) దినం సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో దీన్ని ఉచితంగా వేస్తారు. 1885లో పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటిసారి టీకా ఇచ్చింది ఆ రోజే.

వదిలేసి రావడం మాత్రం చేయొద్దు. ఇంట్లో పెరిగిన కుక్కకి వీధి కుక్కల మధ్య బతకడం తెలియదు. అదీగాక మీ ఇంటి సమస్య ఇంకో ఊరి పిల్లల మీదకి వెళ్తుంది.

కుక్క తీరు మారిందంటే ముందు దాని ఒళ్లు చూడాలి. నొప్పి ఉన్న కుక్క ‘నొప్పి’ అని చెప్పలేదు, చెయ్యి దగ్గరికి వస్తే పళ్లు చూపిస్తుంది. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ కింద గోమార్లు ఉన్నాయేమో వెతకండి. డెల్టాలో తేమకి, మకాం గోడల పగుళ్లకి ఇవి బాగా పెరుగుతాయి. ఒక్కో ఆడ గోమారి వేల గుడ్లు పెడుతుంది, అదీ కుక్క ఒంటి మీద కాదు, గోడ సందుల్లో. అందుకే కుక్కకి ఎన్నిసార్లు స్నానం చేయించినా మళ్లీ పడతాయి. గోమార్ల వల్ల ఎర్లీకియా అనే జ్వరం వస్తుంది. తిండి తగ్గడం, నీరసం, చిగుళ్లు తెల్లబడటం, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారడం దాని గుర్తులు. ఇది నెలల తరబడి లోపలే ఉండి కుక్కను కొంచెం కొంచెంగా కుంగదీస్తుంది. బుల్లోడి లక్షణాల్లో నాకు మొదట అనుమానం వచ్చింది దీని మీదే. రక్త పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. ఉందని తేలితే డాక్సీసైక్లిన్ మాత్రలు సుమారు నాలుగు వారాలు వాడాలి. వారానికే హుషారు వచ్చిందని మధ్యలో ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

గోమార్లకి పొలంలో కొట్టే పురుగుమందు కలిపి ఒంటికి రాసేవాళ్లని చూశాను. కుక్క నాక్కుంటుంది, నాకితే చచ్చిపోతుంది. దయచేసి ఆ పని చేయొద్దు. డాక్టరు రాసిన మందే వాడండి, గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. అలాగే మనం ఒళ్లు నొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్కకి వేయకండి. కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

మకాంలో మేత బస్తాలు నిల్వ చేస్తారు కదా. బస్తాలున్న చోట ఎలుకలుంటాయి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ (లెప్టో) అనే జబ్బు వస్తుంది. కుక్కకే కాదు, కాళ్లకి పుళ్లు ఉండి తడిలో పని చేసే మీ కుర్రాళ్లకి కూడా. బస్తాలు చెక్క దిమ్మల మీద, గోడకి దూరంగా పెట్టించండి. బుల్లోడికి లెప్టో కూడా కలిసిన టీకా వేయించండి. ఎలుకల మందు పెట్టాల్సి వస్తే వాడికి అందని చోట పెట్టి, చచ్చిన ఎలుకల్ని రోజూ ఏరి పాతిపెట్టించండి. వాడు చెరువు నీళ్లు తాగుతున్నాడేమో కూడా చూడండి. బ్లీచింగ్, సున్నం చల్లిన నీళ్లు, ఉప్పు నీళ్లు తాగించకూడదు. పదిహేను కిలోల కుక్కకి రోజుకి సుమారు లీటరు మంచినీళ్లు కావాలి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. రేకుల మకాం కింద మే నెలలో కట్టేసి ఉంచితే వడదెబ్బ తగులుతుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఉత్తి చారన్నం చాలదు. గుడ్డు, ముల్లు తీసిన ఉడికించిన చేప కలపండి. ఉల్లిపాయ, ఉడికిన కోడి ఎముకలు వద్దు. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించండి. తోక పుండు డాక్టరుకి చూపించండి. అది పురుగుల దురద వల్లా కావచ్చు, కుక్కలు దిగులుతోనూ కొరుక్కుంటాయి.

ఇప్పుడు టపాసుల సంగతి. రోజూ వింటే అలవాటైపోతుందని మీరనుకుని ఉంటారు. భయం విషయంలో అది జరగదు. మనకి 20,000 హెర్ట్జ్ దాటిన చప్పుడు వినపడదు, కుక్కకి 45,000 దాకా వినపడుతుంది. ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియని పేలుడు, పారిపోదామంటే మెడకి గొలుసు. ఒక్కో తెల్లవారుజాముతో భయం ఇంకాస్త పెరుగుతుంది, తగ్గదు. మంచం కింద వాడికి దొరికిన ఒకే ఒక్క దాపు. ఆ దాపులోకి చిన్న చెయ్యి వచ్చేసరికి పళ్లు చూపించాడు. అది క్రూరత్వం కాదండి. వాడు అంతకు ముందే చెప్పి ఉంటాడు. పెదవులు నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, తోక కాళ్ల మధ్యకి ముడుచుకోవడం, మొహం పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, ఇవన్నీ ‘దగ్గరికి రావొద్దు’ అని చెప్పడమే. మీ అబ్బాయికి ఇవి నేర్పండి. దాక్కున్న కుక్క మీద, తింటున్న కుక్క మీద, నిద్రపోతున్న కుక్క మీద చెయ్యి వేయొద్దని చెప్పండి. పక్కకి తిరిగి కూర్చుని, వాడంతట వాడే వస్తే గొంతు కింద నిమరమనండి. పెద్దవాళ్లు తోడు లేకుండా కొన్నాళ్లు ఇద్దర్నీ ఒక్కచోట ఉంచకండి.

భయపడినప్పుడు దగ్గరికి తీస్తే అలుసైపోతుందని కొందరు అంటారు. అది నిజం కాదు. మీరు పక్కన కూర్చుంటే వాడికి ధైర్యం వస్తుంది.

టపాసులు మానేసి, పక్షులు వాలకుండా చెరువు మీద అడ్డంగా పక్షుల తాళ్లు కట్టించండి. రొయ్యల సాగులో బయోసెక్యూరిటీ కోసం, అంటే రోగాలు చెరువులోకి రాకుండా, మేం ఎప్పుడూ చెప్పేదే ఇది. పక్షులు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ మోస్తాయి. ఆ మాటకొస్తే కుక్కని గట్ల మీద ఉంచడం కూడా ఆ పద్ధతికి విరుద్ధమే. చెరువుకి పక్షుల తాళ్లు, పీతల కంచె ఉండాలి, కుక్క ఉండకూడదు.

గొలుసు గురించి చట్టమే ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌లో, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని యజమాని తిప్పకపోవడం నేరం అని ప్రత్యేకంగా కుక్క పేరు చెప్పి రాశారు. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. కట్టేసిన కుక్క మంచి కాపలాదారు అవుతుందని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. అది దేనికి మొరగాలో తెలియక అన్నిటికీ మొరుగుతుంది, లేదా బుల్లోడిలా అసలు మొరగడమే మానేస్తుంది.

మీరు ఒక్క వాక్యంలో చెప్పేసిన విషయం ఒకటి ఉంది. నాన్నగారు పోయారు. బుల్లోడికి ఆ మనిషి పోయారు, ఇల్లు పోయింది, వీధి పోయింది, అన్నం పెట్టే వేళ కూడా మారిపోయింది. అన్నీ కొద్ది రోజుల్లోనే. మందులతో జ్వరం తగ్గుతుంది, ఇది తగ్గదు. వాడిని ఇంటికి తెచ్చేయండి. నాన్నగారు వాడిని ఏ వేళకి తిప్పేవారో అమ్మగారిని అడిగి అదే వేళకి, అదే కాలవ గట్టు మీద అరగంట తిప్పండి. లాక్కుపోవద్దు, ఆగి వాసన చూడనివ్వండి. కుక్కకి నడక కంటే వాసన చూడటంలోనే ఎక్కువ తృప్తి. పగలు కట్టక తప్పదనుకుంటే రెండు కొబ్బరి చెట్ల మధ్య తీగ లాగి, దాని మీద జారే కడియానికి తాడు కట్టండి, నీడలో కాస్త అటూ ఇటూ తిరుగుతాడు. నాన్నగారి పాత కండువా ఏదైనా ఉతకకుండా మిగిలి ఉంటే వాడి పడకలో వేయండి.

రేపు పొద్దున టపాసులు కాల్చే వేళకి ముందే వాడిని మకాం నుంచి తీసుకెళ్లిపోండి. పశువుల ఆసుపత్రి తెరవగానే రక్త పరీక్షకి ఇచ్చి, ఫలితం వచ్చాక చిగుళ్ల ఫొటో, తోక ఫొటోతో కలిపి మాకు పంపండి.