పాపను తెచ్చుకున్నాం, ఏ పరీక్షలు చేయించాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కరీంనగర్ దగ్గర ఊరు. బాలల సంక్షేమ కమిటీ ద్వారా ఆరేళ్ల పాపను ఫోస్టర్ కేర్‌లో, అంటే దత్తత కాకుండా మా ఇంట్లో ఉంచి పెంచే పద్ధతిలో, తెచ్చుకున్నాం. టీకాల కార్డు లేదు. పిలిస్తే ఒక్కోసారి పలకదు, రాత్రి పక్క తడుపుతుంది, బిస్కెట్లు దిండు కింద దాస్తుంది. బంధువులేమో హెచ్‌ఐవీతో సహా రక్తపరీక్షలన్నీ చేయించమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, రక్తం కంటే ముందు చెవులు చూపించండి. పిలిస్తే పలకని పిల్లని మొండిది అనేస్తారు గానీ, చెవిలో చీము కారుతున్నా ఏళ్ల తరబడి మందు పడకపోతే వినికిడి తగ్గుతుంది, అది ఎవరూ గమనించకపోతే బడిలో చదువు రాదనే పేరు కూడా పడుతుంది. కళ్లు, పళ్లు కూడా అప్పుడే చూపించేయండి.

మొదటి వారంలోనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. బరువు, ఎత్తు, గజ్జి లాంటి చర్మవ్యాధులు, దగ్గు ఉంటే టీబీ, ఇవి ఆగేవి కావు. మిగతావి నెలలోపు తీరిగ్గా చేయించొచ్చు. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11.5 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. నులిపురుగుల మాత్ర సంగతీ అడగండి. టీకాల కార్డు లేదంటే వేయనట్టే లెక్క, ఈ వయసుకు తగినవి మళ్లీ మొదలుపెడతారు, ఇదివరకే వేసి ఉన్నా ప్రమాదం లేదు.

వీటికి డబ్బు పెట్టక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తారు. ఆ కార్యక్రమం డాక్టర్ల బృందం బడికి వచ్చేదాకా ఆగకుండా జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రం, అంటే డీఈఐసీకి మీరే తీసుకెళ్లండి, వినికిడికీ మాటకీ అక్కడే చూస్తారు. కమిటీ ఇచ్చిన ఆర్డరు కాపీ దగ్గరుంచుకోండి. ఆపరేషన్ మాట వస్తే ముందు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చెప్పండి.

హెచ్‌ఐవీ పరీక్ష బంధువుల కోసం చేయించేది కాదు. అవసరమనిపిస్తే డాక్టరే చెబుతారు, కమిటీకి తెలిపి పద్ధతిగా చేయిస్తారు. పాప రిపోర్టు ఏదైనా సరే, చుట్టాల చేతికి ఇవ్వకండి.

బిస్కెట్లు దాచడం రోగం కాదు, రేపు దొరుకుతాయో లేదోనన్న భయం. అందేచోట ఒక డబ్బా పెట్టి ఇది నీదే అని చెప్పండి. పక్క తడిపితే తిట్టొద్దు, మూత్రపరీక్ష చేయించి, మలబద్ధకం ఉందేమో చూడమనండి. అవి బాగానే ఉండి, కొన్ని నెలలైనా తగ్గకపోతే డీఈఐసీలో సైకాలజిస్టుని అడగండి.