రాత్రిపూట బండి నంబరు దొరకాలంటే: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కాలనీ సంఘానికి కార్యదర్శివయ్యావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన కొటేషన్ చదివాను. గేటు లోపల పన్నెండు మీటర్ల దూరంలో ఉన్న స్తంభానికి 8 మెగాపిక్సెళ్ల డోమ్ కెమెరా, 2.8 మిల్లీమీటర్ల లెన్సు, రాత్రి కూడా రంగుల్లో చూపించే రకం. దీనితో రాత్రి వెళ్లే బళ్ల నంబర్లు చదవగలమా అని అడిగావు. చదవలేరు. ఆ కొటేషన్ పక్కన పెట్టు.

ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మా వీధి మలుపులో తెల్లవారుజామున పాలు పోసే మనిషిని ఒక కారు గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. ఆ వీధిలోని నాలుగు కెమెరాలూ నేను బిగించినవే. రికార్డింగు తీస్తే కారు కనిపించింది, ఎటు తిరిగిందో కూడా కనిపించింది. నంబరు ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి వెలుగు ముద్ద. వీధిని చూసే కెమెరా వేరు, ప్లేటును చదివే కెమెరా వేరు అని నాకు అప్పటికే తెలుసు. ఇంకో కెమెరాకు డబ్బు లేదని వీధివాళ్లు అంటే నేను పట్టుబట్టలేదు. కాలు విరిగి మంచం మీద ఉన్న ఆయన్ను చూడటానికి వెళ్తే, ఆయన భార్య "మీ కెమెరాలో బండి పడింది కదండీ, మరి నంబరు ఎందుకు లేదు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. నిన్ను ఎవరూ అలా అడగకూడదు.

ఆ వెలుగు ముద్ద ఎందుకు వచ్చిందో ముందు అర్థం చేసుకో. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బళ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దాని మీద ఉండే పొర తన మీద పడిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. కెమెరాలోని ఐఆర్ దీపాలు, అంటే కంటికి కనిపించని పరారుణ వెలుగు ఇచ్చేవి, లెన్సు పక్కనే ఉంటాయి కాబట్టి ఆ వెలుగంతా నేరుగా లెన్సులోకే వస్తుంది. చీకటి వీధిని చూపించాలని కెమెరా తనంతట తానే షట్టర్‌ను, అంటే వెలుగును లోపలికి రానిచ్చే తలుపును, ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. వీధి బాగానే కనిపిస్తుంది, ప్లేటు మాత్రం తెల్లగా మాడిపోతుంది. పైగా బండి కదులుతోంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి, షట్టర్ సెకనులో ఇరవై అయిదో వంతు తెరిచి ఉన్నా ఆలోపే 33 సెంటీమీటర్లు జరుగుతుంది. కారు ప్లేటు మొత్తం పొడవే 50 సెంటీమీటర్లు. ఇక అక్షరాలు ఎక్కడ నిలుస్తాయి?

షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు తగ్గిస్తే ఆ జరుగుబాటు 8 మిల్లీమీటర్లకు పడిపోతుంది. ప్లేటు తిప్పికొట్టే వెలుగు ఆ కాస్త సమయానికి సరిపోతుంది కాబట్టి అక్షరాలు నల్లగా, చుట్టూ తెల్లగా, స్పష్టంగా వస్తాయి. మిగతా చిత్రమంతా దాదాపు చీకటే. సంఘంలో ఎవరో ఒకరు ఈ చిత్రం చూసి కెమెరా పాడైందంటారు. అది పాడవలేదనీ, దానికి అప్పగించిన పని అదేననీ ముందే అందరికీ చెప్పు. కారు రంగు, మనిషి ఆకారం, ఎటు వెళ్లాడన్నది చూపడానికి దాని పక్కనే మామూలు కెమెరా ఒకటి ఉండాలి. రెండు పనులూ ఒకే కెమెరా చేస్తుందని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. రాత్రి రంగులు కావాలంటే షట్టర్ నెమ్మదించాలి, అది మనకు పనికిరాదు. ప్లేటు కెమెరాను రాత్రిపూట నలుపు తెలుపులోనే ఉంచాలి.

మెగాపిక్సెళ్ల దగ్గర చాలామంది మోసపోతారు. 2.8 లెన్సు పన్నెండు మీటర్ల దూరంలో దాదాపు 23 మీటర్ల వెడల్పును చూస్తుంది. 8 మెగాపిక్సెళ్లను అంత వెడల్పుకు పరిస్తే, 20 సెంటీమీటర్లుండే స్కూటర్ వెనక ప్లేటుకు అడ్డంగా దక్కేది ముప్పై చుక్కల (పిక్సెళ్ల) పైచిలుకు. అదే 2 మెగాపిక్సెళ్ల కెమెరాకు 12 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి ఐదు మీటర్ల గేటునే చూపించు, అదే ప్లేటుకు డెబ్బై చుక్కలు వస్తాయి. అంటే రెట్టింపు. కాబట్టి నువ్వు అడగాల్సింది వేరీఫోకల్ లెన్సు, అంటే చూసే వెడల్పును మనమే పెంచి తగ్గించుకోగలిగేది. 2.7 నుంచి 13.5 మిల్లీమీటర్ల దాకా సాగేది ఈ దూరానికి చాలు. స్తంభం ఇంకా వెనక ఉంటే మరింత పొడవైనది కావాలి. షట్టర్‌ను మనమే స్థిరంగా పెట్టుకునే వీలు, పగటికీ రాత్రికీ వేర్వేరు అమరికలు పెట్టుకునే వీలు ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. ప్రభుత్వ భద్రతా పరీక్ష ధ్రువీకరణ ఉందో లేదో కూడా అడుగు.

నిజానికి వీటన్నిటి కంటే ముందు తేల్చుకోవాల్సింది చోటు. మీ స్తంభం గేటుకు లోపల ఉండటం మంచిదే. అక్కడి నుంచి బయటికి చూసే కెమెరాకు వెళ్లిపోయే బళ్ల వెనక ప్లేటు దొరుకుతుంది, హెడ్‌లైట్లు కళ్లలో కొట్టవు. దొంగిలించిన బండి కూడా ఆ గేటులోంచే బయటికి పోవాలి కదా. ద్విచక్ర వాహనాల ముందు ప్లేటు సన్నటి పట్టీ, దాన్ని నమ్ముకోలేం. కెమెరాను రెండున్నర, మూడు మీటర్ల ఎత్తు దాటనివ్వకు. పక్కకైనా కిందికైనా కోణం 30 డిగ్రీలు మించితే అక్షరాలు నలిగిపోతాయి. స్పీడ్ బ్రేకర్ ఉంటే బండి దాన్ని దిగాక కొంచెం ముందుకు గురిపెట్టు, సరిగ్గా దాని మీద బండి ఎగురుతూ ఉంటుంది. ఎదురింటి వరండా, కిటికీలు చిత్రంలో పడకుండా చూసుకో. వాళ్ల ఇల్లు మన కాపలాలోకి రాదు.

ఫోకస్ మాత్రం తప్పకుండా రాత్రే సరిచేయించు. పగటి వెలుగులో పదునుగా కనిపించిన చిత్రం ఐఆర్ వెలుగులో మసకబారవచ్చు. బిగించేవాళ్లు సాయంత్రం ఐదింటికే సర్దుకుని వెళ్లిపోతారు, ఒప్పందంలోనే చీకటి పడ్డాక రావాలని రాయించు.

రికార్డింగు సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పెడితే ఒక కెమెరాకు రోజుకు సుమారు 43 జీబీ పడుతుంది. రెండు కెమెరాలకు నెల రోజులంటే 4 టీబీ డిస్కు పెట్టుకో. గడియారం ఇంటర్నెట్ నుంచి సరిచూసుకునేలా అమర్చు. పోలీసులు అడిగినప్పుడు పది నిమిషాల తేడా ఉంటే ఆ రికార్డింగు విలువ పోతుంది. కోర్టుకు ఇవ్వాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, అది గుర్తుంచుకో. ఇక వర్షాకాలంలో ఐఆర్ వెలుగుకు పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీళ్లు గూడు కడతాయి. వాచ్‌మన్‌కు ఒక పొడవాటి బ్రష్ ఇచ్చి వారానికోసారి తుడవమను.

బిల్లు చెల్లించే ముందు ఒక పని చెయ్యి. రాత్రి పది దాటాక నువ్వు స్కూటర్ మీద, మీ నాన్న కారులో, మామూలు వేగంతో గేటు దాటి బయటికి వెళ్లండి. రెండు ప్లేట్లూ రికార్డింగులో ఆపి చూడు. ఒక్క అక్షరం అనుమానంగా ఉన్నా డబ్బు ఆపు, ఆ చిత్రాలు నాకు పంపు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య