మీ మామగారి గురించి రాసే ముందు

బుజ్జమ్మా,

మీ మామగారు పోయారన్న కబురు అల్లుడే ఫోన్ చేసి చెప్పాడు. పేపర్లో వేసే సంస్మరణ, చర్చిలో చదివే నాలుగు మాటలు, రెండూ నిన్నే రాయమన్నారట కదా. ఏం రాయాలో తోచక టెన్షన్ పడుతున్నావన్నాడు. అమెరికాలో, ఈ ఐయోవా రాష్ట్రంలో చిన్న ఊరి డాక్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ని, మీ మామగారిలాంటి రైతుల అంత్యక్రియలు చాలానే చూశాను. వాళ్ల పిల్లలు రాసుకొచ్చినవి దిద్దిపెట్టడమూ అలవాటే. అందుకే ఈ ఉత్తరం.

మన శ్రద్ధాంజలి ప్రకటనల ధోరణిలో 'కష్టజీవి, దేశభక్తుడు, కుటుంబమంటే ప్రాణం' అని మొదలుపెట్టకు. ఆ కౌంటీలో పోయిన ప్రతి రైతు గురించీ అవే మూడు మాటలు రాస్తారు. రాశాక పేరును వేలితో మూసి చదువు. పక్క పొలం ఆయనకూ అంతే బాగా సరిపోయే వాక్యం కనిపిస్తే కొట్టెయ్యి.

మరి ఏం రాయాలంటే, ముందు ఆయన పికప్ ట్రక్కులో వెతుకు. విత్తనాల కంపెనీలు ఏటా చొక్కా జేబులో పట్టే చిన్న నోటుపుస్తకాలు పంచుతాయి. అక్కడి రైతులు మొక్కజొన్న ఏ రోజు వేశారు, సోయా ఏ రోజు మొదలుపెట్టారు, ఎంత వాన పడింది, అన్నీ అందులో గీకి పెట్టుకుంటారు. వంటింటి క్యాలెండర్ మీద కూడా చూడు. కంచె గుంజకు కట్టిన వానకొలత గొట్టం చూసొచ్చి 'అంగుళంన్నర' అని రాసిన గడి పక్కనే మనవరాలి పియానో ప్రోగ్రాం ఉంటుంది. అలాంటిది ఒక్క రోజు ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే పేజీడు పొగడ్త అక్కర్లేదు.

పొలాల పేర్లు కూడా అడుగు. మన ఊళ్లో మర్రిచెట్టు చేను అన్నట్టు వాళ్లూ ప్రతి చెక్కకూ ఒక పేరు పెట్టుకుంటారు, ఎప్పుడో అమ్ముకుని వెళ్లిపోయిన పాత ఆసామి పేరే ఎక్కువగా నిలుస్తుంది. కానీ ఎన్ని ఎకరాలన్నది మాత్రం రాయకు, అడగనూ అడగకు. అక్కడ అది బ్యాంకులో ఎంతుందని అడిగినంత మొరటు. నూరేళ్లుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న పొలాలకు ఐయోవా ప్రభుత్వం 1976 నుంచి 'సెంచరీ ఫార్మ్' గుర్తింపు ఇస్తోంది. మీ గేటు దగ్గర ఆ బోర్డుంటే ఆ మాట రాయి, అది ఊరంతా గర్వపడే విషయం.

1980ల గురించి మీ అత్తగారిని ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. ఐయోవాలో ఎకరం సగటు ధర 1981లో 2,147 డాలర్లు, 1986 నాటికి 787. ధర బాగున్నప్పుడు భూమి మీద అప్పు తెచ్చినవాళ్లు, ఆకాశానికంటిన వడ్డీలు కట్టలేక వేలంలో పోగొట్టుకున్నారు. మీ వాళ్లు నిలదొక్కుకున్నారంటే ఇంట్లో ఎవరో బయట జీతానికి వెళ్లే ఉంటారు. చాలా ఇళ్లలో ఆరోగ్య బీమా వచ్చింది కూడా ఆ ఇల్లాలి ఉద్యోగం వల్లే. మీ అత్తగారిది అలాంటి కథే అయితే, ఆవిడ ఒప్పుకుంటే, ఆ వాక్యం తప్పకుండా ఉండాలి. సంస్మరణల్లో భార్య పేరు పెళ్లి తేదీ దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చదు.

సైన్యం సంగతి జాగ్రత్త. డీడీ-214 అనే విడుదల పత్రం బయటికి తీయించు. ఇంట్లో దొరక్కపోతే కౌంటీ రికార్డర్ ఆఫీసులో కనుక్కో, తిరిగొచ్చాక చాలామంది అక్కడ నమోదు చేయించుకునేవారు. ఏ విభాగం, ఏ హోదా, ఏ పని, ఏ పతకాలు అన్నీ అందులో ఉంటాయి. వియత్నాం రోజుల్లో పిలుపొచ్చిన వాళ్లలో జర్మనీలోనో కొరియాలోనో పనిచేసినవాళ్లూ బోలెడుమంది, కాబట్టి పత్రం చూడకుండా 'వియత్నాంలో పోరాడారు' అనకు. సైన్యంలోకి ఎవర్ని పిలవాలో తేల్చే లాటరీలో నంబరు తగిలి వెళ్లారని ఇంట్లో చెప్పుకుంటారన్నాడు అల్లుడు. ఆ యుద్ధానికి మొదటి లాటరీ తీసింది 1969 డిసెంబరు 1న. ఆయన చేరిన తేదీ అంతకు ముందుదైతే ఆ కథ కుదరదు. ఆయన నాన్నగారు కూడా రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్మీలో ఉన్నారు కదా, ఆ ఫైలు దొరకడం కష్టం కావచ్చు. 1973లో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రం తగలబడి, 1960కి ముందు ఆర్మీ నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లు దాదాపు 80 శాతం పోయాయి.

ఆయన అక్కడి రోజుల గురించి ఎప్పుడూ నోరు విప్పలేదంటే దాన్ని నీ ఊహతో పూరించకు. తేదీలు, చోటు, హోదా చాలు. మాజీ సైనికుల సంఘం వాళ్ల లీజియన్ హాల్లో ఆయనతో కాఫీ తాగే మిత్రులు తమంతట తాము చెబితే విను, వాళ్లనడక్కుండా అచ్చులో పెట్టకు.

సైనిక గౌరవం కోసం, అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యూనరల్ హోమ్ వాళ్లు ఆ డీడీ-214 పత్రమే అడుగుతారు. చట్ట ప్రకారం యూనిఫాంలో కనీసం ఇద్దరు వస్తారు, జెండాను ముక్కోణంగా మడిచి మీ అత్తగారి చేతికిస్తారు, బ్యూగిల్ మీద 'ట్యాప్స్' అనే వీడ్కోలు బాణీ మోగుతుంది. ఊరి మాజీ సైనికులు తుపాకులతో మూడు విడతలు పేలుస్తారు. దాన్ని '21 తుపాకుల వందనం' అని రాయకు, అది వేరే. పిల్లలకు ఆ చప్పుడు సంగతి ముందే చెప్పి ఉంచు.

చిన్న చిన్నవి కొన్ని. పేపరు వాళ్లు నిడివిని బట్టి డబ్బు తీసుకుంటారు, అక్కడికి పొట్టిది ఇచ్చి పెద్దది ఫ్యూనరల్ హోమ్ వెబ్‌సైట్లో పెట్టించు. ఆయన తల్లి పుట్టింటిపేరు, ఇంటి నంబరు అచ్చులో వద్దు, మోసగాళ్లకు అవే కావాలి. అంత్యక్రియల వేళ ఇంట్లో ఎవరైనా పొరుగువాళ్లను ఉండమను. చర్చిలో నీ మాటలు ఐదు నిమిషాలు దాటకూడదు. జనం నవ్వితే కంగారుపడకు, అక్కడ అది తప్పు కాదు.

భోజనాల బాధ్యత చర్చి ఆడవాళ్లది, హ్యామ్ శాండ్‌విచ్‌లు, బంగాళాదుంప సలాడ్ వాళ్లే చూసుకుంటారు. నువ్వు ఆ రోజు పులిహోర కలుపుతూ కూర్చోకు. రాసింది బుధవారంలోగా నాకు మెయిల్ చెయ్యి, ఫోన్లో అక్షరాలు నా కళ్లకు ఆనవు. ముందురోజు సాయంత్రం అందరూ వచ్చి కుటుంబాన్ని పలకరించే విజిటేషన్‌కి నేనూ మీ పెద్దమ్మా వస్తున్నాం.

ఆశీస్సులతో,
పెదనాన్న