ఒక్క పెగ్గే తాగాను, బండి తీయొచ్చా?
ఒక్క పెగ్గుకే కేసు పడుతుందా అని అడిగారు. పడొచ్చు. చట్టం పెగ్గులు లెక్కపెట్టదు, రక్తంలో ఆల్కహాల్ ఎంతుందో చూస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తానికి పరిమితి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 80 మిల్లీగ్రాములు, ఫ్రాన్స్, జర్మనీల్లో 50, ఇండియాలో 30, స్వీడన్‌లో 20. హంగరీలో సున్నా.

శిక్షలు దేశాన్నిబట్టి మారినా తీరు ఒకటే: జరిమానా, లైసెన్సు సస్పెన్షన్, మళ్ళీ దొరికితే మరింత కఠినం. జైలు కూడా ఉంది. ఎవరి ప్రాణమైనా పోతే అది వేరే, చాలా పెద్ద కేసు.

మెషిన్‌లో ఊదనంటే తప్పించుకోవచ్చని కొందరి నమ్మకం. దయచేసి నమ్మకండి, చాలాచోట్ల అలా నిరాకరించడమే నేరం. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆల్కహాల్ తగ్గదు. కాలేయం తన వేగంతోనే దాన్ని కరిగిస్తుంది. అందుకే రాత్రి బాగా తాగినవాళ్లు పొద్దున్నే బండి తీసినా దొరికిపోతుంటారు.