పాఠకుల ప్రశ్నలు: రేటింగ్ కోసం ఆట మధ్యలో తప్పుకుంటే?

ప్రశ్న: డిస్క్ గోల్ఫ్ (వీలైనంత తక్కువ విసుర్లలో ప్లాస్టిక్ డిస్క్‌ను బుట్టలో వేసే ఆట) టోర్నమెంట్లలో ఆట కుదరని రోజున కొందరు మోచేయి నొప్పి అనో, నడుము పట్టేసిందనో చెప్పి రౌండ్ మధ్యలోనే వెళ్ళిపోతున్నారు. పూర్తికాని రౌండ్ లెక్కలోకి రాదు కనుక, రేటింగ్ (ఆటగాడి స్థాయిని చూపే అంకె) తగ్గకుండా కాపాడుకోవడానికే ఇలా చేస్తున్నారని తోటి ఆటగాళ్ళందరికీ తెలుసు. దీన్ని అడ్డుకునే నియమం లేదా?

జవాబు: నియమం ఉంది. ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పీడీజీఏ) తన పోటీల నిబంధనలలో, కావాలని తప్పుగా ఆడి గానీ పోటీ నుంచి వైదొలగి గానీ రేటింగ్‌ను తారుమారు చేయజూడటాన్ని దుష్ప్రవర్తనల జాబితాలో స్పష్టంగా చేర్చింది. చిక్కంతా రుజువు దగ్గరే వస్తుంది. నొప్పి నిజమో కాదో టోర్నమెంట్ డైరెక్టర్ తేల్చలేరు. అనుమానంతో శిక్షిస్తే నిజంగా గాయపడినవారు భయపడి ఆడుతూనే ఉండి, గాయాన్ని ముదరబెట్టుకుంటారు. కాబట్టి ఒక్కసారి తప్పుకున్నవారి జోలికి ఎవరూ పోకపోవడమే సబబు. అయితే ఆట పూర్తిచేయలేదన్న సంగతి ఫలితాల పట్టికలో నమోదవుతుంది కనుక, వెనకబడిన ప్రతిసారీ ఒకే ఆటగాడికి నొప్పి వస్తోందంటే ఆ వరుసను డైరెక్టర్ దృష్టికి తీసుకువెళ్ళవచ్చు.

ఇంత చేసినా వారికి దక్కేది స్వల్పమే. రేటింగ్‌ను సాధారణంగా గడచిన 12 నెలల రౌండ్ల నుంచి లెక్కిస్తారు. అందులో ఆటగాడి సగటు కంటే 100 పాయింట్లకు పైగా తక్కువ వచ్చిన రౌండ్‌ను ఎలాగూ పక్కన పెడతారు. మామూలు 18 హోళ్ళ (బుట్టల) కోర్సులో ఒక్కో త్రో (విసురు) విలువ సుమారు 10 పాయింట్లు ఉంటుంది కనుక, తన స్థాయి కంటే పది త్రోలకు మించి చెడగొట్టుకున్న రౌండ్ దానంతటదే తొలగిపోతుంది. పారిపోయి కాపాడుకునేది ఓ మోస్తరు చెడ్డ రౌండ్‌ను మాత్రమే.

నష్టం ఇతరులది, అది అంతగా పైకి కనిపించదు. ఆ రోజు కోర్సు ఎంత కష్టంగా ఉందో తేల్చేది, అప్పటికే రేటింగ్ ఉన్న ఆటగాళ్ళ స్కోర్లను వారి రేటింగ్‌లతో పోల్చి చూసే లెక్క. పేలవంగా ఆడినవారు వెళ్ళిపోతే ఆ లెక్కలో బాగా ఆడినవారే మిగులుతారు, కోర్సు ఉన్నదానికన్నా సులువుగా కనిపిస్తుంది, చివరిదాకా నిలబడి ఆడినవారి రౌండ్ రేటింగ్ ఆ మేరకు తగ్గుతుంది. అంటే వెళ్ళిపోయినవారి తప్పుకు ఉన్నవారు జరిమానా కడుతున్నారన్నమాట! దీనికి తోడు, న్యాయంగా ఆట సాగాలంటే కలిసి తిరుగుతూ ఆడే బృందంలో కనీసం ముగ్గురుండాలన్నది పోటీల పద్ధతి. ముగ్గురిలో ఒకరు జారుకుంటే డైరెక్టర్‌కు మరో తలనొప్పి మొదలవుతుంది.

మిగతా క్రీడలదీ ఇదే సమస్య. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గెలవడానికి శక్తిమేరకు ప్రయత్నించలేదంటూ నాలుగు మహిళల డబుల్స్ బ్యాడ్మింటన్ జోడీలను బహిష్కరించారు. కోర్టులో వారి ఆటే అక్కడ సాక్ష్యమైంది. టెన్నిస్ వేరే దారి పట్టింది: గాయంతోనే గ్రాండ్‌స్లామ్ తొలి రౌండ్‌కు దిగి మధ్యలో వదిలేసేవారి కోసం, ముందే తప్పుకుంటే ఆ రౌండ్ సొమ్ములో సగం ఇచ్చే పద్ధతి 2018లో వచ్చింది. ఉద్దేశాన్ని నిరూపించే పని పెట్టుకోకుండా ఆశనే తగ్గించిన ఆ ఉపాయం నాకు మరింత తెలివైనదిగా తోస్తుంది. డిస్క్ గోల్ఫ్‌లోనూ, పూర్తికాని రౌండ్‌లో ఆడినంత మేరకైనా రేటింగ్‌లో కలిపే మార్గం వెతికితే చాలామందికి ఆ నొప్పులు తగ్గిపోవచ్చు.

ప్రశ్న: నాకు రేటింగ్ పట్టింపు లేదు, గాయమూ లేదు. గెలిచే అవకాశం పోయాక మానేస్తే తప్పా?

జవాబు: రేటింగ్ కోసం కాదు కనుక ఆ నిబంధన మీకు నేరుగా వర్తించదు. అయినా రేటింగ్ లెక్కకూ మీ బృందానికీ జరిగే నష్టం మాత్రం అదే. తప్పక వెళ్ళవలసి వస్తే రౌండ్ల మధ్య విరామంలో వెళ్ళండి, బృందానికీ డైరెక్టర్‌కూ ముందుగా చెప్పండి.